పండ్ల ఈగా, పురుగుమందూ, మన క్రోమోజోములూ

బాగా మాగిన మామిడిపండుని నాలుగు రోజులు బుట్టలో మరిచిపోతే దానిమీద ముసిరే చిన్న చిన్న ఈగల్ని చూడనివాళ్ళు మనలో ఉండరు. మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. గోధుమరంగు ఒళ్ళు, ఎర్రటి కళ్ళు. చేత్తో విదిలించి మన పని మనం చూసుకుంటాం. శాస్త్రజ్ఞులు మాత్రం దానికి 'డ్రోసోఫిలా మెలనోగాస్టర్' అని పేరు పెట్టి, నూరేళ్ళకు పైగా సీసాల్లో పెంచి పోషిస్తున్నారు. (తోటలో కాయకి పుచ్చు తెచ్చే పెద్ద పండు ఈగ వేరు, ఇది వేరు. రైతుబిడ్డలు రెంటినీ కలపవద్దని మనవి.)

ఈ ఈగకీ, పల్నాటి మిరపతోటలో వీపుకి డబ్బా తగిలించుకుని మందు కొట్టే మనిషికీ ఒక సంబంధం ఉంది. పైకి కనపడదు గాని చాలా దగ్గరి సంబంధం. దాన్ని నాకు అర్థమైనంతవరకు, సైన్సు చదవని మిత్రులకి కూడా తెలిసేటట్టు చెప్పాలని ఈ ప్రయత్నం.

అసలు ఇన్ని ప్రాణులుండగా ఈగనే ఎందుకు పట్టుకున్నారు? కారణం చాలా మామూలుది. దానికి ఖర్చు లేదు. పాలసీసా, కాస్త మాగిన అరటిపండు ఉంటే చాలు. 25 డిగ్రీల వేడిమిలో గుడ్డు నుంచి ఈగ అయ్యేదాకా సుమారు 10 రోజులు పడుతుంది. ఒక ఆడ ఈగ వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. మనిషికి 23 జతల క్రోమోజోములుంటే దీనికి 4 జతలే. మనుషుల్లో నాలుగు తరాల వారసత్వం చూడాలంటే నూరేళ్ళు కావాలి. ఈగల్లో ఒకటిన్నర నెల చాలు.

తాడు మీద ముళ్ళు

1910లో న్యూయార్కు నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మోర్గాన్ అనే ఆచార్యుడికి ఎర్రకళ్ళ ఈగల మధ్య ఒక తెల్లకళ్ళ మగ ఈగ కనిపించింది. దాని సంతానాన్ని లెక్కపెట్టుకుంటూ పోయి, లక్షణాలను నిర్ణయించే జన్యువులు క్రోమోజోముల మీదే ఉంటాయని ఆయన రుజువు చేశాడు. అందుకే 1933లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయన దగ్గర స్టర్టెవాంట్ అని ఒక కుర్రవాడు పనిచేసేవాడు. పట్టభద్రుడు కూడా కాలేదు. సరిగ్గా మన ఈడు విద్యార్థి. 1911లో ఒక రాత్రి కాలేజీ హోంవర్కు పక్కన పడేసి, ఈగల లెక్కల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. తెల్లవారేసరికి ప్రపంచంలో మొట్టమొదటి క్రోమోజోము పటం తయారైంది! అది 1913లో అచ్చయింది. (పరీక్షల ముందు ఈ సంగతి మన లెక్చరర్లకి చెప్పి ప్రయోజనం ఉండదనుకోండి.)

అతని ఊహ ఇదీ. మనకి ప్రతి క్రోమోజోమూ జతగా ఉంటుంది, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. సంయోగబీజాలు తయారయ్యేటప్పుడు, అంటే క్షయకరణ విభజనలో, ఈ రెండూ పక్కపక్కకి చేరి కొన్నిచోట్ల తెగి, ఒకదాని ముక్క ఒకదానికి అతుక్కుంటాయి. దీన్నే వినిమయం అంటారు. ఒక తాడు మీద ముళ్ళు వేసి, కళ్ళు మూసుకుని ఎక్కడో ఒకచోట కొయ్యండి. దూరదూరంగా ఉన్న రెండు ముళ్ళ మధ్య కోత పడే అవకాశం ఎక్కువ. దగ్గరి ముళ్ళ మధ్య తక్కువ. కాబట్టి రెండు లక్షణాలు ఎన్నిసార్లు విడిపోతున్నాయో లెక్కపెడితే వాటి జన్యువుల మధ్య దూరం తెలుస్తుంది. సూక్ష్మదర్శినిలో కూడా కనపడని దూరాన్ని ఈగల్ని లెక్కపెట్టి కొలిచాడన్నమాట.

ఆ దూరానికి కొలమానం కూడా ఉంది, 'సెంటీమోర్గాన్'. మోర్గాన్ పేరుతో ఈ కొలతని 1919లో సూచించినవాడు హాల్డేన్. ఆయనే తర్వాత 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చేశాడు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఇక్కడ ఆయనకి శిష్యుడై, జన్యుశాస్త్రంలో పేరు తెచ్చుకున్న ద్రోణంరాజు కృష్ణారావు మన పిఠాపురం వాడు. ఇంత దూరపు శాస్త్రానికి మన గడపలోనూ చుట్టరికం ఉంది!

వినిమయం లేకపోతే ఏమవుతుంది? తాత ఇచ్చిన క్రోమోజోము ఇచ్చినట్టే మనవడికి పోతుంది. మంచీ చెడ్డా ఒకే మూటలో కట్టినట్టు కలిసే ప్రయాణం చేస్తాయి. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు ఒకరిలా ఒకరు ఉండకపోవడానికి వినిమయం కూడా ఒక కారణం. కాలువ కింద వరిలో కొత్త రకాలు తీస్తున్నారన్నా, లాం ఫారంలో కొత్త మిరప రకం వచ్చిందన్నా ఈ కలగలుపు పుణ్యమే. ఇంకో విశేషం, ఆడ ఈగలో జరిగే ఈ వినిమయం మగ ఈగలో జరగనే జరగదు. ఇదీ మోర్గాన్ బృందం కనిపెట్టిందే.

తెగడం, అతకడం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వినిమయం జరగాలంటే క్రోమోజోము తెగాలి కదా! ఎవరు తెంచుతారు?

కణమే తెంచుకుంటుంది. క్రోమోజోములో ఉండే డి.ఎన్.ఏ. రెండు పేటల తాడు వంటిది. క్షయకరణ విభజన మొదలయ్యేటప్పుడు ఒక ప్రత్యేకమైన ప్రోటీను ఆ రెండు పేటల్నీ కొన్నిచోట్ల కత్తిరిస్తుంది. ఈగలో ఈ ప్రోటీనుకి సంబంధించిన జన్యువుని 1998లో గుర్తించారు. ఈస్టులోనూ, మనిషిలోనూ దాని జోడీ ఉంది. తన వంశచరిత్ర రాసి ఉన్న తాడుని తానే కోసుకునే ధైర్యం కణానికి ఎక్కడిది? అతికే నేర్పు ఉంది కాబట్టి.

ఆ నేర్పు లేకపోతే మనం ఒక్కరోజు బతకం. ఎండ, రేడియో ధార్మికత, పొగ, రసాయనాలు, చివరికి మనం పీల్చే ఆక్సిజన్ వల్ల కూడా ప్రతి కణంలోని డి.ఎన్.ఏ. రోజుకి వేల చోట్ల దెబ్బతింటుంది. ఒక పేటకే దెబ్బ తగిలితే చెడిన ముక్కని కత్తిరించి తీసేసి, రెండో పేటని చూసి పూడుస్తుంది కణం. రెండు పేటలూ తెగితే కష్టం. అప్పుడు జతలోని రెండో క్రోమోజోమునో, విభజనకు ముందు తయారైన సొంత నకలునో దగ్గర పెట్టుకుని, అందులో ఉన్నది చూసి రాసుకుంటుంది. కాపీ కొట్టడం నేరం కాని చోటు ఇదొక్కటే! ఆ అవకాశం లేనప్పుడు తెగిన కొసల్ని ఏదో ఒకలా కలిపేస్తుంది. అప్పుడు అక్షరాలు పోతాయి, ఒక్కోసారి ఒక క్రోమోజోము ముక్క పోయి ఇంకోదానికి అతుక్కుంటుంది. ఈ మరమ్మతు విధానాల్ని బయటపెట్టినందుకే 2015లో లిండాల్, మోడ్రిచ్, సంజార్ అనే ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

రెండు పనులకీ ఒకే కత్తెర

వినిమయానికీ మరమ్మతుకీ బంధుత్వం ఉందని గట్టిగా చెప్పింది ఈగే. 1972లో బేకర్, కార్పెంటర్ అనే ఇద్దరు పరిశోధకులు క్షయకరణ విభజన సరిగ్గా జరగని ఈగల్ని వెతికిపట్టారు. వాటిలో ఒకదానికి 'మెయ్-9' అనీ, ఒకదానికి 'మెయ్-41' అనీ పేర్లు. మెయ్-9 లోపం ఉన్న ఆడ ఈగల్లో వినిమయాలు దాదాపు పదో వంతుకి పడిపోయాయి. దానివల్ల క్రోమోజోములు సరిగ్గా విడిపోక, గుడ్లలో ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో అయ్యేవి.

నాలుగేళ్ళ తర్వాత, 1976లో, కాలిఫోర్నియాలో బాయిడ్ అనే ఆయన బృందం ఇంకో సంగతి చూసింది. ఈ మెయ్-9 ఈగల పిల్లలు అతినీలలోహిత కిరణాలకీ, డి.ఎన్.ఏ.ని దెబ్బతీసే రసాయనాలకీ మిగతావాటికంటే త్వరగా చచ్చిపోతున్నాయి. చెడిన ముక్కని కత్తిరించి తీసే శక్తి వాటికి లేదు! అంటే మెయ్-9 అనేది ఒక కత్తెర. శరీరంలోని కణాల్లో చెడిన ముక్క కత్తిరించడానికి అదే. అండంలో వినిమయం పూర్తిచేయడానికి కూడా అదే. మన ఇళ్ళలో ఒకే కొడవలితో గడ్డీ కోస్తారు, కొబ్బరికాయా కొడతారు. ప్రకృతి కూడా అటువంటి పొదుపరి.

ఇదే కత్తెర మనిషిలోనూ ఉంది. అది పాడైన కొందరికి 'జీరోడెర్మా' అనే జబ్బు వస్తుంది. ఎండ తగిలితే చర్మం మచ్చలు పడి చిన్న వయసులోనే కాన్సర్‌కి దారితీస్తుంది. మెయ్-41కి కూడా మనలో జోడీ ఉంది. డి.ఎన్.ఏ. చెడిందని కనిపెట్టి, మరమ్మతు అయ్యేదాకా విభజన ఆపమని హెచ్చరించే కాపలాదారు అది.

దీన్నిబట్టి గ్రహించవలసింది ఒకటుంది. డి.ఎన్.ఏ. మీద పడే దెబ్బ ఒంటికి తగిలిన దెబ్బతో ఆగదు. మరమ్మతు, వినిమయం ఒకే పనిముట్లతో జరుగుతున్నాయి కనుక, అది తర్వాతి తరం తయారయ్యే చోటికి కూడా చేరగలదు.

రెక్క మీద మచ్చ

ఒక రసాయనం డి.ఎన్.ఏ.ని తెంచుతుందా లేదా అని తేల్చాలంటే ఎలా? ఇక్కడే ఈగ మనకి సాక్షిగా నిలబడింది.

ఈగ రెక్క మీద 20 వేలకు పైగా కణాలుంటాయి. ప్రతి కణానికీ ఒకే ఒక వెంట్రుక. ఒక లోపం ఉన్న ఈగల్లో ఒక్కో కణానికి మూడు నాలుగు వెంట్రుకలు మొలుస్తాయి. ఇంకో లోపంలో వెంట్రుక పొట్టిగా, వంకరగా, దీపం మంటలాగా ఉంటుంది. ఈ రెండు జన్యువులూ ఒకే జత క్రోమోజోముల మీద ఉంటాయి. ఒక క్రోమోజోము మీద మొదటి లోపం, దాని జోడీ మీద రెండో లోపం ఉండేటట్టు ఈగల్ని సంకరం చేస్తారు. ప్రతిదానికీ ఒక మంచి నకలు కూడా ఉంటుంది కాబట్టి ఈగ రెక్క మామూలుగానే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ ఈగ లార్వాకి పరీక్షించవలసిన మందుని మేతలో కలిపి పెడతారు. మందు గనక డి.ఎన్.ఏ.ని తెంచితే, కణం మరమ్మతు చేసుకోబోతుంది. అండంలో జరగవలసిన వినిమయం ఆ తొందరలో రెక్కకణంలో జరుగుతుంది. ఆ కణం రెండుగా చీలినప్పుడు ఒకదానికి మొదటి లోపం రెండు వైపులా, పక్కదానికి రెండో లోపం రెండు వైపులా వస్తాయి. ఈగ పెద్దదయ్యాక రెక్క మీద పక్కపక్కనే రెండు మచ్చలు, ఒకదానిలో గుంపు వెంట్రుకలు, రెండోదానిలో మంట వెంట్రుకలు. దీన్ని కవల మచ్చ అనవచ్చు. కవల మచ్చ కనిపించిందంటే వినిమయం జరిగినట్టే. ఒంటరి మచ్చలైతే జన్యువు చెడటం వల్లనో, ముక్క పోవడం వల్లనో కూడా రావచ్చు. ఈ పరీక్షని 1984లో స్విట్జర్లాండుకి చెందిన గ్రాఫ్, వుర్గ్లర్ మొదలైనవారు ఒక పద్ధతిలో పెట్టారు. కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు. రెక్కని అద్దం పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో ఓపికగా చూస్తే చాలు.

బరంపురం, హైదరాబాదు

ఈ ఈగ పరీక్షలు మన దగ్గరికీ వచ్చాయి. ఒడిశాలో ఉన్నా తెలుగువాళ్ళు ఎందరో కాపురం ఉండే బరంపురంలో, అక్కడి విశ్వవిద్యాలయంలో త్రిపాఠీ, పట్నాయక్ అనే శాస్త్రజ్ఞులు పురుగుమందుల్ని ఈగల మీద పరీక్షించారు. వాటిలో మన రైతులు ముద్దుగా 'మోనో' అని పిలుచుకునే మోనోక్రోటోఫాస్ ఒకటి. ఈగ శరీరకణాల్లోనూ, బీజకణాల్లోనూ అది జన్యువులకి హాని చేస్తున్న గుర్తులు కనిపించాయని 1992లో ప్రకటించారు.

ఈగ సంగతి సరే, మనిషి మాటేమిటి? దానికి జవాబు వెతికింది హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్ర సంస్థలో. ఆచార్య ఓ.ఎస్.రెడ్డి, పి.పి.రెడ్డి, రూప, రీటా మొదలైన వారు 1980ల్లో, 1990ల మొదట్లో మందు కొట్టేవారి రక్తం తీసి, తెల్లకణాల్లోని క్రోమోజోములని సూక్ష్మదర్శినిలో పరిశీలించారు. 1987లో ద్రాక్షతోటల పనివారు, 1988లో కూరగాయల తోటల పనివారు, 1989లోనూ 1991లోనూ పత్తిచేలలో మందు కొట్టేవారు. మందు జోలికి పోని అటువంటి మనుషులతో పోలిస్తే మందు కొట్టేవారిలో క్రోమోజోములు తెగినవి ఎక్కువగా కనిపించాయి. ఆ పరిశీలనల్లో పొగతాగే అలవాటుని కూడా విడిగా లెక్కలోకి తీసుకున్నారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపచేసింది వారి ఇంకో పరిశీలన. పత్తిచేలలో మందు కొట్టే మగవారి కుటుంబాల్లో గర్భస్రావాలు, చనిపోయి పుట్టిన బిడ్డలు, పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువగా ఉన్నాయని 1991లో వెల్లడించారు. మందు కొట్టింది తండ్రి. కష్టం తల్లికీ బిడ్డకీ! ఊళ్ళల్లో ఇటువంటి కష్టం వస్తే ఇప్పటికీ ఆడమనిషినే వేలెత్తి చూపిస్తారు. ఆమె గొడ్రాలనీ, జాతకం మంచిది కాదనీ అంటారు. మొగుడి వీపు మీది డబ్బా సంగతి ఎవరికీ గుర్తురాదు.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. వారు పరిశీలించిన మనుషులు ఒక్క మందే కొట్టినవారు కారు, రకరకాలు కలిపి కొట్టినవారు. కాబట్టి ఫలానా మందే దోషి అని ఆ లెక్కలు చెప్పవు. ఈగ మనిషీ కాదు. ఒకటి మటుకు నిజం. ఈగలో కనిపించినదానికీ, మనిషి రక్తంలో కనిపించినదానికీ దారి ఒకటే.

మా పల్నాటి సంగతి

మాది దాచేపల్లి. నల్లరేగడి, సాగర్ కుడికాలువ నీళ్ళు, పత్తి, మిరప. మిరపకి నారుమడి దగ్గరనుంచి కల్లం దాకా మందు లేనిదే పని జరగదు. పురుగు, తామర, ముడత, ఒకటి పోతే ఒకటి. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ఊడ్చిపెట్టిన సంగతి మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పుల పాలై ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. మందు ఎక్కువయినకొద్దీ దోమ కూడా ఎక్కువైందని తర్వాత శాస్త్రజ్ఞులు తేల్చారు. పురుగుకీ వినిమయం ఉంది, వేల సంతానం ఉంది. మందుకి తట్టుకునేవి మిగిలి, వాటి పిల్లలు చేనంతా నిండుతాయి. ఈ పందెంలో మనకంటే దాని తరాలే వేగం.

సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ ఈగల కథ మా బాబాయికి చెప్పాను. అంతా విని, "ఇరవయ్యేళ్ళ నించి కొడతన్నాను, నాకేవైంది? సాయంత్రం కాస్త తల తిరిగుద్ది, మజ్జిగ తాగి పడుకుంటే పొద్దున్నకి పోద్ది" అన్నాడు.

మా బాబాయి అన్నది అబద్ధం కాదు. తల తిరగడం నరాల మీద మందు చేసే పని. అది నిజంగానే తెల్లవారేసరికి తగ్గవచ్చు. క్రోమోజోము తెగితే తల తిరగదు, కడుపులో వికారం ఉండదు. నొప్పి లేని దెబ్బ అది. కణం చాలావరకు అతుకుతుంది. అతకలేక పోయినవి, అడ్డదిడ్డంగా అతికినవి లోపల మిగులుతాయి. ప్రతి డబ్బాకీ కొత్త దెబ్బలు పడుతుంటే మరమ్మతు చేసేవాడు మాత్రం ఎన్నని చేస్తాడు? "అయితే మానెయ్యమంటావా? తోట ఎవరు చూస్తారు?" అన్నాడు బాబాయి. ఆ ప్రశ్నకి ఈగ జవాబు చెప్పలేదు. ప్రభుత్వం, శాస్త్రజ్ఞులు, మనం కలిసి చెప్పాలి.

కొంత జరిగింది. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడకూడదని 2005లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని ఆపివేసేటట్టు 2023లో కేంద్రప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఈగ రెక్క మీద మచ్చ కనిపించింది 1992లో. ఉత్తర్వుకి ముప్పై ఏళ్ళు పైగా పట్టింది. ఆ మధ్యకాలంలో మందు కొట్టినవారంతా మనవాళ్ళే.

మనం చేయగలిగింది

పొలం పనులు మానమని చెప్పే అర్హత నాకు లేదు. ఆ పంట డబ్బుతోనే నేనూ చదువుకుంటున్నాను. కాని ఇంట్లో చెప్పదగిన మాటలు కొన్ని ఉన్నాయి. మందుని చేత్తో కలపవద్దు, కర్రతో కలపాలి. నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, మూతికి గుడ్డ ఉండాలి. గాలికి ఎదురుగా కొట్టకూడదు. మధ్యలో బీడీ ముట్టిస్తే, చేతికంటిన మందు నోట్లోకి పోతుంది, దానికి పొగ తోడవుతుంది. తడిసిన బట్టలు ఇంటిల్లిపాది బట్టల్లో వేసి ఉతకకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళనీ, పిల్లల్నీ ఆ రోజు చేనులోకి రానీయకూడదు. పిల్లలు కావాలనుకుంటున్న మగవాళ్ళు కూడా జాగ్రత్త పడాలి. ఈ చివరి మాట ఊళ్ళో ఎవరూ చెప్పరు కాబట్టి మనమే చెప్పాలి.

మన కళాశాల మాటకొస్తే నాదొక విన్నపం. జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఈగల సీసాలు పెట్టడానికి రవ్వ, బెల్లం, అగర్, కాస్త ఈస్టు ఉంటే చాలు. రకరకాల లోపాలున్న ఈగల్ని కాపాడే భాండాగారం మైసూరు విశ్వవిద్యాలయంలో ఉంది. రాయలసీమ నుంచి, పల్నాడు నుంచి, కోస్తా నుంచి వచ్చి చదువుకునే మనలో సగంమంది ఇళ్ళలో మందుడబ్బా ఉంటుంది. ఆ డబ్బాలో ఉన్నది ఏం చేస్తుందో పుస్తకంలో చదవడం వేరు, ఈగ రెక్క మీద మన కళ్ళతో మనం చూడడం వేరు. వచ్చే ఏడాది విద్యార్థి సంఘం ఈ చిన్న ఖర్చుకి పూనుకుంటే, లెక్చరర్లు దారి చూపితే, సైన్సు ఎగ్జిబిషన్‌కి వచ్చే మన తల్లిదండ్రుల్ని ఆ సూక్ష్మదర్శిని దగ్గర నిలబెట్టి చూపించవచ్చు.

స్టర్టెవాంట్ ఆ పటం గీసిననాటికి అతని దగ్గర ఉన్నవి పాలసీసాలు, కాగితం, పెన్సిలు. వయసు మన వయసే.